అనపకాయలు అడిగితే ఆనపకాయ వచ్చింది

"మీ ప్రాంతపు మాటల వల్ల ఎప్పుడైనా చిక్కులో పడ్డారా? తెలుగువాళ్ళ మాటతీరులో మీకు చిరాకు తెప్పించేది ఏమిటి?" అని అడిగారు. నాది చిత్తూరు దగ్గర పల్లె. చదువు తిరుపతిలో, ఉద్యోగం పదకొండేళ్ళు విజయవాడ, హైదరాబాదుల్లో, ఇప్పుడు మళ్ళీ తిరుపతిలో. పెళ్ళి చేసుకున్నది తణుకు అమ్మాయిని. కాబట్టి ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి నేను వంటింటి గడప దాటనక్కర్లేదు.

పెళ్ళయిన కొత్తలో విజయవాడలో ఉండేవాళ్ళం. చలికాలం. ఊరి నుంచి మా అమ్మ వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర కోడలితో "రేపు ఒక కిలో అనపకాయలు తెప్పించు తల్లీ, పితికిపప్పు చేస్తాను" అంది. పొద్దున్నే మా ఆవిడ తానే బజారుకు వెళ్ళి, మూరెడు పొడవున్న లేత కాయ ఒకటి ఏరి తెచ్చింది. అమ్మ దాన్ని చూసి "సొరకాయ తెచ్చావేమమ్మా?" అంది. "మీరు చెప్పింది ఆనపకాయే కదా అత్తయ్యా" అని ఈమె. ఇద్దరూ కాయకు చెరోవైపు నిలబడి, తీర్పు చెప్పమని నన్ను పిలిచారు.

ఇద్దరిదీ తప్పు లేదు. గోదావరి జిల్లాల్లో ఆనపకాయ అంటే సొరకాయ. మాకు అనపకాయ అంటే చిక్కుడు జాతి కాయ, చలికాలంలో వచ్చేది, ఒలిచిన చేతికి జిడ్డూ వాసనా అంటుకుని ఒక పూటంతా వదలనిది. మధ్యలో ఉన్నది ఒక్క దీర్ఘం. ఆ రోజు సొరకాయ పులుసుతో సరిపెట్టుకున్నాం. మరుసటి నెల అమ్మ ఊరి నుంచి సంచి నిండా అనపకాయలు మోసుకొచ్చింది. గింజలు రాత్రి నీళ్ళలో నానబెట్టి, పొద్దున ఒక్కొక్కటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే తోలు చేతిలో ఉండిపోతుంది, పప్పు ఎగిరి గిన్నెలో పడుతుంది. ఆవు పొదుగు పితికినట్టే. పితికిపప్పు అన్న పేరు అందుకే వచ్చింది. చేయి తిరిగేదాకా గిన్నెలో కన్నా నేల మీదే ఎక్కువ పడతాయి. మా ఆవిడ చేయి రెండో ఏడాదికి తిరిగింది. ఇప్పుడు తణుకు వెళ్ళినప్పుడు ఆమె అనపకాయ అంటే వాళ్ళమ్మ సరిదిద్దుతుంది.

కాయల తగాదా నవ్వులతో తేలింది. మర్యాద తగాదా అంత తేలిగ్గా తేలలేదు. మా అత్తగారు మొదటిసారి మా ఊరికి వచ్చినప్పుడు మా అమ్మ గుమ్మంలోకి ఎదురు వెళ్ళి, చేయి పట్టుకుని "రా వదినా, కూర్చో" అంది. ఆమె కూర్చుంది, కాఫీ తాగింది, అన్నిటికీ తలూపింది. రెండేళ్ళ తరువాత గానీ మా ఆవిడ అసలు సంగతి చెప్పలేదు. ఆ రాత్రి వాళ్ళమ్మ "మనం వాళ్ళకు నచ్చలేదా? వియ్యపురాలిని పట్టుకుని రా, కూర్చో అంటుంది" అని బాధపడిందట. ఆవిడ వైపు వియ్యపురాలంటే "వదినగారూ, రండి, కూర్చోండి." మా వైపు "గారు" అని పిలిస్తే ఇంకా దూరం పెడుతున్నారని అర్థం. అమ్మ ఆ రోజు మనసులో ఉన్న ఆదరణంతా ఆ "వదినా"లో పెట్టింది. అటువైపు అది చేరనేలేదు.

"మీ వైపు అండి అనరు" అన్న మాట నేను విన్నన్ని సార్లు నా పేరు కూడా విని ఉండను. అనం, నిజమే. అన్నా, అక్కా, అయ్యా, సామీ, నాయనా అంటాం. ముక్కూ ముఖం తెలియని బస్సు కండక్టరును కూడా అన్నను చేసుకుంటాం. మర్యాదను క్రియాపదం చివర వెతికేవాళ్ళకు వరసలో ఉన్న మర్యాద కనిపించదు.

వెళ్ళడం, పోవడం సంగతి కూడా చెప్పాలి. మాకు పోవడమంటే వెళ్ళడమే. బడికి పోతాం, పెళ్ళికి పోతాం, కొండకు పోతాం. విజయవాడలో మేము అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒకసారి నాకోసం మా ఊరికి ఫోను చేసింది. "బాబు ఉన్నాడా అమ్మా?" "పోయాడమ్మా, రాత్రే." అటువైపు చప్పుడు లేదు. అమ్మ తీరిగ్గా పక్కకు తిరిగి ఎవరికో ఏదో చెప్పి, మళ్ళీ ఫోనులోకి వచ్చి "తొమ్మిది గంటల బస్సుకు" అని వాక్యం పూర్తి చేసింది. నేను వెళ్ళి తలుపు తట్టినప్పుడు ఆ పెద్దావిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు.

ఇవన్నీ నవ్వుకునే చిక్కులు. నాకు నిజంగా ఒళ్ళు మండేది ఒక్కటే మాట: "మీది అరవ తెలుగు." ఉల్లిపాయను ఎర్రగడ్డ, వెల్లుల్లిని తెల్లగడ్డ అనగానే ఇది అంటారు. ఎర్రనిది ఎర్రగడ్డ, తెల్లనిది తెల్లగడ్డ. ఇందులో అరవం ఎక్కడుంది? అంగడి అంటే కూడా నవ్వుతారు. ఆ మాట తమిళంలో, కన్నడంలో, మలయాళంలో కూడా ఉంది. నాలుగు ఇళ్ళలో ఒకే చెంబు కనిపిస్తే అది తాతల నాటిదని అనుకోవాలి గానీ పక్కింటి నుంచి ఎత్తుకొచ్చినదని ఎలా అనుకుంటారు? ఉర్లగడ్డ అరవం నుంచి వచ్చిందంటారా, ఒప్పుకుంటాను. బంగాళాదుంప అన్నవాళ్ళు మాత్రం దాన్ని తమ పెరట్లోంచి తవ్వి తెచ్చారా?

అసలు మా చరిత్రే సరిహద్దు చరిత్ర. చిత్తూరు ఒకప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాకు ముఖ్య పట్టణం. 1911 ఏప్రిల్ 1న విడిగా చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి వెళ్ళింది, సత్యవేడు వైపు ఊళ్ళు మనకు వచ్చాయి. గీతలు అటూ ఇటూ జరిగాయి. ఇళ్ళూ పొలాలూ ఉన్నచోటే ఉన్నాయి. కుప్పంలో నిలబడితే ఒక పక్క కన్నడం, ఒక పక్క తమిళం. ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడే పెట్టారు. మా ఊళ్ళో పెద్దవాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే వేలూరు తీసుకుపోతారు. దాన్ని మేము రాయవేలూరు అంటాం, వాడుకలో అది రాయేలూరు అవుతుంది. "మా తాతను రాయేలూరులో చేర్చారు" అంటే నా స్నేహితుడొకడు ఏలూరులో ఉన్న బంధువుల చిరునామా ఇచ్చాడు, పాపం, వెళ్ళి చూసి వస్తారని.

రాయలసీమ యాస అంటూ అందరినీ ఒకే గాటన కట్టడం ఇంకో చిరాకు. కర్నూలు వాళ్ళు బుడ్డలంటే మేము చెనక్కాయలంటాం. రెండూ వేరుశనగలే. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాల మాండలిక కోశం వచ్చింది. పండితులు రైతుల నోటి మాటలను ఊరూరా తిరిగి ఏరుకున్నారు. మనమేమో సినిమాలో ప్రతినాయకుడి గొంతు విని సీమ మొత్తం అంతే అనుకుంటాం. మా పల్లెలో కయ్య అంటే వరి పండే మడి. "మామ కయ్యలో ఉన్నాడు" అని నేను అంటే హైదరాబాదు గదిలో ఇద్దరు ఎవరితో గొడవ అని అడిగారు. శ్రీకాకుళం కుర్రాడు ఒక్కడే అడగలేదు. త్వరగా అనడానికి అతను "బేగి" అంటే కూడా వాళ్ళు నవ్వేవారు కాబట్టి మేమిద్దరం ఒక జట్టు.

ఇక తిరుపతి వాడిగా నాకున్న ప్రత్యేక ఫిర్యాదు. "తిరుపతి వచ్చాం, దర్శనం చేసుకుని వెళ్ళిపోయాం" అంటారు. వాళ్ళు వచ్చింది తిరుమలకు. ఊళ్ళోవాళ్ళకు తిరుపతి అంటే కింద ఉన్న ఊరు, పైన ఉన్నది కొండ, అంతే. "తిరుపతిలోనే ఉంటావు కదా, రోజూ దర్శనమేనా?" అని అడిగినవాళ్ళకు ఏమని చెప్పను? స్వామిని మేము బాలాజీ అని కూడా అనం. ఏడుకొండలవాడు, వెంకటేశ్వరస్వామి, పిలవాలంటే గోవిందా. 2022 జనవరిలో కొత్త జిల్లాల ప్రతిపాదనలో మా జిల్లాకు శ్రీ బాలాజీ అని పేరు పెట్టారు. ఏప్రిల్‌లో జిల్లా ఏర్పడేసరికి అది తిరుపతి జిల్లా అయింది. ఆ వార్త చదివిన రోజు నాకు మహా తృప్తిగా అనిపించింది.

ఇంత చెప్పిన నేను కూడా శుద్ధుణ్ణి కాను. విజయవాడలో రెండేళ్ళు గడిచేసరికి నోరు తెరిచే ముందే మాటలు మార్చుకోవడం అలవాటైంది. టెంకాయ కొబ్బరికాయ అయింది, అంగడి కొట్టు అయింది, పోవడం వెళ్ళడం అయింది. ఇప్పుడు రాస్తున్న ఈ జవాబే చూడండి. ఒకసారి ఫోనులో అమ్మను కూడా సరిదిద్దాను. ఆమె ఒక్క క్షణం ఆగి, "సరేలే, ఉల్లిపాయలే" అంది. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

పోయిన వారం తిరుపతిలో కూరగాయల మార్కెట్‌కు వెళ్ళాను. పలక మీద సుద్దముక్కతో ఉల్లిపాయలు అని రాసి ఉంది. అలవాటుగా "ఉల్లిపాయలు ఎంతమ్మా?" అన్నాను. ఆమె తలెత్తకుండా పలక చూపించి, తూచి సంచిలో పోసింది. నా వెనక ఉన్న ముసలాయన "ఎర్రగడ్డలు ఎట్లా కూతురా?" అన్నాడు. ధర అదే. కానీ తూకం అయ్యాక ఆమె గుట్టలోంచి ఇంకో రెండు తీసి ఆయన సంచిలో వేసింది. నా సంచిలో కొసరు పడలేదు.