టెక్ సందేహాలు: సంగీతం కోసం హెడ్‌ఫోన్ ఎంచుకునే ముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే విషయం మీద ఉన్నాయి. చెవులను పూర్తిగా కప్పే ఖరీదైన హెడ్‌ఫోన్లలో సంగీతం వినడానికి ఏది మంచిదని పాఠకులు అడుగుతున్నారు. వాటిలో నాలుగింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరం లేవనెత్తిన విషయాలు మిగతావారికి కూడా పనికొస్తాయి కనుక దానికి కొంత ఎక్కువ స్థలం కేటాయించాను.

ప్రశ్న: నేను రాజమహేంద్రవరంలో ఉండే విశ్రాంత అధ్యాపకుడిని. రాత్రి భోజనం అయ్యాక నా గదిలో కూర్చుని గంటా రెండు గంటలు కర్ణాటక సంగీత కచేరీలు, పాత సినిమా పాటలు వింటాను. 30 వేల రూపాయల వరకు పెట్టగలను. మా అల్లుడు సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 అనే వైర్‌లెస్ తీసుకోమంటున్నాడు. దుకాణంలో అబ్బాయి మాత్రం డ్రైవర్ సైజు, 40 కిలోహెర్ట్జ్ అంటూ ఏవేవో లెక్కలు చెప్పాడు. ఏది తీసుకోమంటారు?

జవాబు: ఎక్కడ వింటారో, ఎలా వింటారో, ఏమి వింటారో మీరే చెప్పారు కనుక సూటిగా చెప్పగలను. మీకు సరిపోయేది వైరుతో పనిచేసే ఓపెన్-బ్యాక్ హెడ్‌ఫోన్. మీ అల్లుడుగారు చెప్పిన సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 మంచి పరికరమే. అయితే దాని ధరలో పెద్ద వాటా బయటి శబ్దాన్ని తగ్గించే నాయిస్ క్యాన్సలేషన్, మైకులు, బ్లూటూత్ చిప్, బ్యాటరీ వంటి వాటికి పోతుంది. ప్రశాంతమైన గదిలో ఒకచోట కూర్చుని వినే మీకు వాటిలో దేని అవసరమూ పెద్దగా లేదు. అదే డబ్బు వైరున్న హెడ్‌ఫోన్ మీద పెడితే అందులో ఎక్కువ భాగం ధ్వని కోసమే ఖర్చవుతుంది.

ఓపెన్-బ్యాక్ అంటే చెవి కప్పుల వెనుక భాగం మూసి ఉండదు, జాలీలా తెరిచి ఉంటుంది. ఈ పద్ధతిని జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 1968లో హెచ్‌డీ 414 అనే మోడల్‌తో మార్కెట్లోకి తెచ్చింది. హెడ్‌ఫోన్‌లో ధ్వనిని పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటారు. దాని పొర కదిలినప్పుడు ముందుకు వచ్చే ధ్వని చెవికి చేరుతుంది, వెనక్కి వెళ్లే ధ్వని గోడకు తగిలి తిరిగి రాకుండా బయటికి పోతుంది. అందువల్ల గాత్రం, వయొలిన్, మృదంగం ఒకదాని మీద ఒకటి పడకుండా దేని చోటులో అది ఉన్నట్టు వినిపిస్తాయి. పాట తల లోపల ఇరుక్కున్నట్టు కాకుండా చుట్టూ కొంత విస్తరించినట్టు ఉంటుంది. కచేరీ రికార్డింగులకు ఇది ఎంతో నప్పుతుంది.

దీనితో ఒక ఇబ్బంది ఉంది, దాన్ని మన ఇళ్ల పరిస్థితిని బట్టి చూసుకోవాలి. తెరిచి ఉన్న కప్పుల్లోంచి మీ పాట బయటికి వినిపిస్తుంది, బయటి శబ్దం కూడా అంతే సులువుగా లోపలికి వస్తుంది. గోదావరి జిల్లాల వేసవిలో సీలింగ్ ఫ్యాన్ వేయకుండా కూర్చోవడం కష్టం. అది పూర్తి వేగంతో తిరుగుతుంటే ఆలాపన వెనుక ఉండే తంబూర శ్రుతి, గాయకుడు స్వరాన్ని సన్నబరచిన చోట్లు ఆ హోరులో కలిసిపోతాయి. ఫ్యాన్ తగ్గించుకోగలిగితే, గదిలో ఇంకెవరూ నిద్రపోకపోతే ఓపెన్-బ్యాక్ తీసుకోండి. అది కుదరకపోతే వెనుక భాగం మూసి ఉండే బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో వంటిది చూడండి. ధ్వని విశాలత కొంత తగ్గినా, ఫ్యాన్ హోరుతో పోటీపడి వాల్యూమ్ పెంచాల్సిన పని ఉండదు.

ఓపెన్-బ్యాక్ రకంలో మీకు నేను మొదట సూచించేది సెన్‌హైజర్ హెచ్‌డీ 600. 1997లో వచ్చిన ఈ మోడల్ ఇప్పటికీ తయారవుతోంది. గాత్రం, వీణ, వయొలిన్ దీనిలో సహజంగా, ఏ రంగూ పులమకుండా వినిపిస్తాయి. మనిషి గొంతు ఉండే మధ్య స్థాయి ధ్వనులను ఇంత నిజాయితీగా అందించేవి ఈ ధరలో తక్కువ. 30, 40 హెర్ట్జ్ దగ్గరి అతి మంద్రధ్వనులు మాత్రం దీనిలో పలుచగా వస్తాయి. ఈ కాలపు ఎలక్ట్రానిక్ బీట్లు ఇష్టపడేవారికి అది లోటుగా తోస్తుంది. మృదంగం ఎడమ వైపు నుంచి వచ్చే గంభీరమైన నాదానికి మాత్రం పెద్ద నష్టం ఉండదు. బరువు 260 గ్రాములే కనుక రెండు గంటలు పెట్టుకున్నా మెడకు భారం కాదు. కొత్తలో తలను కాస్త గట్టిగా పట్టుకుంటుంది, కొన్ని వారాలకు సర్దుకుంటుంది. ప్యాడ్లు, వైరు, తలపట్టీ మెత్త అన్నీ విడిగా దొరుకుతాయి కనుక దశాబ్దాల తరబడి వాడుకోవచ్చు. బ్యాటరీ లోపలే ఉండే వైర్‌లెస్ హెడ్‌ఫోన్లకు ఆ ఆయుష్షు ఉండదు.

ఖర్చు తగ్గించుకోవాలంటే అదే సంస్థ 2020లో తెచ్చిన హెచ్‌డీ 560ఎస్ ఉంది. హైఫైమ్యాన్ సుందర అనే మోడల్‌లో వివరాలు ఎంతో స్పష్టంగా వినిపిస్తాయి కానీ దాని బరువు 370 గ్రాములు దాటుతుంది. మీరు చెప్పినంత సేపు వినేవారికి ఆ బరువు తేడా తెలిసివస్తుంది.

ఇక దుకాణంలో విన్న లెక్కల గురించి. ధ్వని శ్రుతి ఎంత హెచ్చో హెర్ట్జ్, కిలోహెర్ట్జ్‌లలో కొలుస్తారు. ఆరోగ్యవంతుడైన యువకుడి చెవి కూడా 20 కిలోహెర్ట్జ్ దాటి వినలేదు, వయసుతో ఆ పరిమితి ఇంకా కిందికి దిగుతుంది. కనుక డబ్బా మీద 40 కిలోహెర్ట్జ్ అని ఉన్నంత మాత్రాన మీకు కలిగే ప్రయోజనం లేదు. డ్రైవర్ ఎన్ని మిల్లీమీటర్లన్నదీ నాణ్యతకు కొలమానం కాదు. నిజంగా తేల్చేది మంద్రం నుంచి తారం దాకా ఏ స్థాయి ధ్వనిని హెడ్‌ఫోన్ ఎంత హెచ్చుగా, ఎంత తగ్గుగా అందిస్తుందన్నది. దీన్నే ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్ అంటారు. ఉదాహరణకు 8 కిలోహెర్ట్జ్ దగ్గరి ధ్వనిని హెచ్చుగా అందించే హెడ్‌ఫోన్‌లో స, శ, ష అక్షరాలు వచ్చినప్పుడల్లా చెవిలో గుచ్చుకున్నట్టు ఉంటుంది. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో అనే మోడల్‌కు ఆ స్వభావం ఉంది కనుకనే పాత పాటల అభిమానులకు దాన్ని నేను సూచించను. 2017లో జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్ల కొలతలను ధరలతో పోల్చి, ఫ్రీక్వెన్సీ రెస్పాన్స్‌కూ ధరకూ పొంతన కనిపించలేదని ప్రచురించారు. 60 వేల రూపాయల హెడ్‌ఫోన్ 20 వేల రూపాయల దానికన్నా మూడు రెట్లు బాగుంటుందని అనుకోవడానికి ఆధారం లేదు.

హెచ్‌డీ 600 ఇంపీడెన్స్ 300 ఓమ్‌లు. అంటే సాధారణ హెడ్‌ఫోన్లకన్నా దీనికి ఎక్కువ వోల్టేజీ కావాలి. ఫోన్‌కు తగిలించే చిన్న యూఎస్‌బీ-సీ డాంగిల్‌తో (హెడ్‌ఫోన్ వైరు గుచ్చే అడాప్టర్) సినిమా పాటలు సరిపడా వినిపిస్తాయి. తక్కువ స్థాయిలో రికార్డు చేసిన కచేరీలకు మాత్రం వాల్యూమ్ చివరిదాకా పెంచినా చాలదనిపించవచ్చు. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో కొన్ని డాంగిళ్లు పూర్తి స్థాయిలో ధ్వనిని ఇవ్వవు కూడా. అందుచేత మీ 30 వేలలో కొన్ని వేలు పక్కన ఉంచి, 300 ఓమ్‌లకు సరిపోతుందని స్పష్టంగా రాసి ఉన్న చిన్న యూఎస్‌బీ డ్యాక్-యాంప్లిఫయర్ (డిజిటల్ పాటను ధ్వని సంకేతంగా మార్చి, దాని బలం పెంచే పరికరం) ఒకటి తీసుకోండి. అంతకన్నా ఖరీదైన యాంప్లిఫయర్ జోలికి వెళ్లనవసరం లేదు.

పాత పాటల విషయంలో ఒక మాట ముందే చెప్పాలి. 1950లు, 60ల నాటి ఘంటసాల పాటలు మోనోలో, అంటే కుడి ఎడమ తేడా లేకుండా ఒకే ఛానల్‌లో రికార్డయినవి. ఎంత మంచి హెడ్‌ఫోన్ పెట్టినా గొంతు, వాద్యాలు అన్నీ మధ్యలోనే వినిపిస్తాయి, అది పరికరంలో లోపం కాదు. పైగా నాణ్యమైన హెడ్‌ఫోన్ టేపు బుసను, అరిగిన రికార్డు గీతలను కూడా దాచదు. ఒకే పాట వేర్వేరు యాప్‌లలో, వేర్వేరు ఆల్బమ్‌లలో వేర్వేరు ప్రతుల నుంచి తీసినదై ఉంటుంది. కొన్ని చోట్ల బుసను తొలగించే ప్రయత్నంలో గొంతులోని జీవం కూడా తీసేశారు. మంచి ప్రతి వెతికి పట్టుకోవడం హెడ్‌ఫోన్ మార్చడంకన్నా ఎక్కువ ఫలితాన్నిస్తుంది, పైగా దానికి డబ్బు ఖర్చు కాదు.

కొనేముందు వీలైతే విశాఖలోనో హైదరాబాద్‌లోనో చెవికి పెట్టుకుని చూడండి. దుకాణం వాళ్లు వినిపించే హంగుల పాట వద్దు, మీకు కంఠస్థమైన కీర్తన ఒకటి వినండి. రెండు హెడ్‌ఫోన్లను పోల్చేటప్పుడు రెండింటి ధ్వని స్థాయి సమానంగా ఉండేలా చూసుకోండి, ఎందుకంటే కాస్త ఎక్కువ గట్టిగా మోగేదే మెరుగని చెవి భ్రమపడుతుంది. కళ్లజోడు వాడేవారైతే దాన్ని తీయకుండానే వినండి. జోడు కాడ వల్ల ప్యాడ్‌కు, తలకు మధ్య సందు ఏర్పడితే మంద్రధ్వని తగ్గిపోతుంది, ముఖ్యంగా మూసి ఉండే రకంలో.

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. మెట్రోలో రోజూ ప్రయాణం, ఆఫీసులో రద్దీ. ఐఫోన్ వాడతాను. ఎల్‌డీఏసీ ఉన్న సోనీ తీసుకుంటే హై-రెస్, అంటే సీడీని మించిన నాణ్యత వస్తుందంటున్నారు. లేక యాపిల్ వారి ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ మంచిదా?

జవాబు: ఎల్‌డీఏసీ అంటే బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే సోనీ పద్ధతి, ఇలాంటి పద్ధతులను కోడెక్‌లు అంటారు. అది ఐఫోన్‌లో పనిచేయదు. బ్లూటూత్ ద్వారా ఐఫోన్ ఏఏసీ, ఎస్‌బీసీ పద్ధతుల్లోనే పాటను పంపుతుంది. ఎల్‌డీఏసీ గరిష్ఠంగా సెకనుకు 990 కిలోబిట్లు పంపగలదు కానీ అది ఆండ్రాయిడ్ ఫోన్లకు వర్తించే మాట. పైగా అది కూడా సీడీకన్నా తక్కువే, ఎందుకంటే సీడీ పాటను కుదించకుండా పంపాలంటే సెకనుకు 1,411 కిలోబిట్లు కావాలి. ఇంతకీ మెట్రోలో కూర్చున్నప్పుడు ఏఏసీకి, ఎల్‌డీఏసీకీ తేడా గుర్తించడం దాదాపు అసాధ్యం కనుక కోడెక్ గురించి బెంగ పెట్టుకోకండి.

మీ విషయంలో నాయిస్ క్యాన్సలేషన్‌కు పెట్టే డబ్బు సార్థకం. బోస్ సంస్థ వ్యవస్థాపకుడు అమర్ బోస్‌కు 1978లో విమాన ప్రయాణంలో తట్టిన ఈ ఆలోచన ఎడతెగకుండా వచ్చే మంద్రమైన హోరు మీద బాగా పనిచేస్తుంది. రైలు చక్రాల శబ్దం, ఏసీ హోరు చాలా వరకు తగ్గుతాయి, పక్క సీటువారి మాటలు మాత్రం అంతగా తగ్గవు. దీనివల్ల చెవులకు కూడా మేలు. చుట్టూ హోరు ఉన్నప్పుడు దాన్ని మించి వినిపించాలని వాల్యూమ్ పెంచుతూ పోతాం. వారానికి 40 గంటలు వినేవారు సగటున 80 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐఫోన్ హెల్త్ యాప్‌లో మీరు ఎంత స్థాయిలో వింటున్నారో కనిపిస్తుంది, ఒక వారం గమనించండి.

ఎయిర్‌పాడ్స్ మ్యాక్స్ ధ్వని చక్కగా ఉంటుంది. కానీ బరువు సుమారు 385 గ్రాములు, పైన చెప్పిన సోనీ ఎక్స్ఎం5 బరువు 250 గ్రాములు. రోజంతా ఆఫీసులో పెట్టుకునేవారికి నేను తేలికైనదే సూచిస్తాను. ఎక్స్ఎం5 మడత పడదు కనుక సంచిలో చోటు ఎక్కువ పడుతుంది. మడత పడేది కావాలంటే 2025లో వచ్చిన ఎక్స్ఎం6, లేదా బోస్ క్వైట్‌కంఫర్ట్ అల్ట్రా చూడండి. సోనీ పెట్టెలోంచి తీయగానే బాస్ (మంద్రధ్వని) అతిగా అనిపిస్తుంది. యాప్‌లోని ఈక్వలైజర్‌లో దాన్ని కాస్త తగ్గిస్తే గాత్రం తేటపడుతుంది. మరొకటి, ల్యాప్‌టాప్‌లో మీటింగుకు ఇదే హెడ్‌ఫోన్ మైకు వాడినప్పుడు పాట ఒక్కసారిగా పాత టెలిఫోన్‌లో వచ్చినట్టు మారితే కంగారుపడకండి. మైకు తెరుచుకోగానే బ్లూటూత్ కాల్ పద్ధతికి మారడం వల్ల అలా జరుగుతుంది. మీటింగ్ యాప్‌లో మైకుగా ల్యాప్‌టాప్ సొంత మైకును ఎంచుకుంటే సరిపోతుంది.

ప్రశ్న: విశాఖపట్నంలో ఉంటాను. రెండేళ్ల కిందట కొన్న హెడ్‌ఫోన్ ప్యాడ్ల తోలు పొరలు పొరలుగా రాలి చెవులకు అంటుకుంటోంది. కొత్తది కొనాలా?

జవాబు: అవసరం లేదు. అది అసలు తోలు కాదు, పాలీయురిథేన్ పూత. తేమకు, చెమటకు అది విచ్చిపోతుంది, సముద్ర తీరంలో ఇంకా త్వరగా. ప్యాడ్లు మాత్రమే మార్చండి. వీలైనంత వరకు అసలు కంపెనీవే కొనండి, ఎందుకంటే ప్యాడ్ మందం, లోపలి స్పాంజి గట్టిదనం మారితే ధ్వని కూడా మారిపోతుంది. విన్నాక పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టండి. తర్వాత ఎప్పుడైనా కొత్తది కొనేటప్పుడు వెల్వెట్ వంటి గుడ్డ ప్యాడ్లున్న వాటిని చూడండి. అవి ఇలా పొరలుగా రాలవు, చెమట కూడా తక్కువ పడుతుంది.

ప్రశ్న: డల్లస్‌లో ఉంటున్నాను. వరంగల్‌లో ఉన్న నాన్నగారికి ఇక్కడే హెడ్‌ఫోన్ కొని సంక్రాంతికి వచ్చేటప్పుడు తీసుకురావచ్చా?

జవాబు: వైరున్న హెడ్‌ఫోన్ అయితే నిస్సంకోచంగా తీసుకురండి, అందులో పాడయ్యేవి తక్కువ. వైర్‌లెస్ అయితే వారంటీ షరతులు ముందు చదవండి. చాలా కంపెనీల వారంటీ కొన్న దేశానికే పరిమితం కనుక, బ్యాటరీ మొరాయిస్తే నాన్నగారు హైదరాబాద్ సర్వీస్ సెంటర్ నుంచి ఉత్త చేతులతో తిరిగి రావాల్సి ఉంటుంది. ధరలో తేడా ఎక్కువ లేనప్పుడు ఇక్కడే అధీకృత విక్రేత దగ్గర, బిల్లు మీద సీరియల్ నంబరు రాయించి కొనిపించండి. సోనీ, బోస్ పేర్లతో నకిలీలు విస్తారంగా తిరుగుతున్నాయి. ఆన్‌లైన్‌లో ఊరూ పేరూ తెలియని అమ్మకందారు సగం ధరకు ఇస్తానంటే, ఆ పెట్టె ఎంత అచ్చుగుద్దినట్టున్నా తీసుకోవద్దని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి.