ఆమవాతంలో ఆముదం ఉందా?

సందేహం: మా అమ్మకు వేళ్ల కీళ్లు, మోకాళ్లు పదేపదే వాస్తున్నాయి. ఆయుర్వేద వైద్యుడు చీటీలో ‘ఆమవాతం’ అని రాసి, శొంఠి కషాయంలో ఆముదం ఇచ్చారు. ఇంట్లో అందరూ కీళ్లవాతం అంటున్నారు. రెండూ ఒకటేనా? ‘ఆమ’ అంటే ఆముదమేనా?

సమాధానం: కాదండీ. ‘ఆమ’ అంటే సంస్కృతంలో పచ్చిది, ఉడకనిది అని. ‘ఆమాశయం’లో ఉన్నదీ ఈ ఆమమే, తిన్నది ఇంకా అరగకుండా ఉండే చోటు అది. సరిగ్గా పచనం కాని అన్నరసం వాతంతో కలిసి కీళ్లలో చేరితే ఆమవాతం అన్నారు వైద్యులు. రోగ లక్షణాలు వివరించే పాత వైద్యగ్రంథం మాధవనిదానంలో 25వ అధ్యాయం అంతా దీని గురించే. అందులో ఈ నొప్పిని తేళ్లు కుట్టినట్టుంటుందని చెప్పారు. మనం ‘పోటు’ అనేది దాదాపు అదే. సలుపు వేరు, తీపు వేరు.

ఆముదం దానికి మందు మాత్రమే. శరీరమనే అడవిలో తిరిగే ఆమవాతమనే ఏనుగును చంపే సింహం ఆముదమొక్కటేనని ఒక శ్లోకం కూడా ఉంది. రెండు పేర్లూ అంత దగ్గరగా వినిపిస్తుంటే మీకు ఆ అనుమానం రావడం సహజమే.

ఇక కీళ్లవాతం జనం మాట. కీళ్లు నొప్పెట్టే జబ్బులన్నిటినీ అందులోనే కలిపేస్తాం. శాస్త్రంలో మాత్రం సంధివాతం వేరు, వాతంతో పాటు రక్తమూ చెడి వచ్చే వాతరక్తం వేరు. సంధుల్లో, అంటే కీళ్లలో వాతం చేరితే వచ్చే వాపు, ముట్టుకుంటే గాలి నింపిన తోలుతిత్తిలా ఉంటుందని చరకసంహిత చెబుతుంది. ఎంత చక్కటి పోలిక! (వాపుకూ వాతానికీ చుట్టరికం లేదు. కాచు–కాపు లాగే వాచు–వాపు, అచ్చ తెలుగు.)

పేరు మారితే చికిత్సా మారుతుంది. సంధివాతానికి నూనె మర్దన చెబుతారు. ఆమం ఉన్నప్పుడు నూనె రాయొద్దంటారు. లంఘనం (ఉపవాసం), పొడి కాపడం ముందు. బాణలిలో ఇసుక వేయించి, గుడ్డలో మూటకట్టి కీలు మీద అద్దే ఇసుక కాపడమే గ్రంథాల్లోని ‘వాలుకాస్వేదం’. ‘ఏదైనా వాతమేగా’ అని వాచిన కీళ్లకు వేడి నూనె పట్టించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

అందుకే ఇంట్లో కీళ్లవాతం అనుకున్నా తప్పులేదు. ఇంకో వైద్యుడికి చూపించాల్సి వస్తే మాత్రం చీటీలో ఉన్నట్టే ‘ఆమవాతం’ అని చెప్పండి, అమ్మగారు వాడుతున్న మిగతా మందుల పేర్లతో సహా.