కరెంటు పోయిన రాత్రి తీసిన వీడియో

డాక్యుమెంటరీలాగా తీసిన మ్యూజిక్ వీడియోలు రాక్ బ్యాండ్ ఇమేజ్‌ని నిజంగా మారుస్తాయా అని అడిగారు. మారుస్తాయి. పాటకంటే ఎక్కువగా మారుస్తాయి. నా కళ్ళతో చూశాను.

నెల్లూరులో ఇంజినీరింగ్ చదివేటప్పుడు ఐదుగురం ఒక బ్యాండ్ పెట్టుకున్నాం. నాది బేస్ గిటార్. మొదటి వీడియో మైపాడు బీచ్‌లో తీశాం. మే నెల ఎండలో నల్ల జాకెట్లు, ఇసుకలో కూరుకుపోతున్న డ్రమ్ స్టాండ్లు. డబ్బులన్నీ అందులోనే పోశాం. చూసినవాళ్ళు "ఏ సినిమాలో పాట ఇది?" అన్నారు.

ఆ తర్వాత వినాయకచవితికి మూలాపేటలో ఒక పందిరి దగ్గర వాయించే అవకాశం వచ్చింది. రెండో పాట సగంలో కరెంటు పోయింది. జనరేటర్ లేదు. మైకు, ఆంప్లిఫయర్లు ఒక్కసారిగా మూగబోయాయి. మా డ్రమ్మర్ మాత్రం ఆపలేదు. ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దాయన "ఆపబాకండి అబ్బయా, కొట్టండి!" అని గట్టిగా అరిచాడు. మా సామాను తెచ్చిన ట్రాలీ ఆటో అతను బండి తిప్పి, హెడ్‌లైట్ స్టేజి మీద పడేలా పెట్టాడు. మా సింగర్ స్టేజి అంచున కూర్చుని మైకు లేకుండానే పాడాడు. పిల్లలు చప్పట్లతో తాళం వేశారు. నా గిటార్ తీగల నుంచి టిక్కు టిక్కుమనే చప్పుడు తప్ప ఏమీ రావట్లేదు, అయినా చెయ్యి ఆపబుద్ధి కాలేదు.

కీబోర్డు వాయించే మా వాడు ఇంకేం చేయలేక, ఫోన్ తీసుకుని కిందకు దిగి ఇదంతా తీశాడు. దానికి ముందు ఆటోలోకి సామాను ఎక్కించిన ముక్కలు, బస్టాండ్ దగ్గర టీ తాగిన ముక్కలు కలిపి వాడే ఎడిట్ చేశాడు. అప్పటి నుంచి ఊళ్ళో మాకు పేరు "కరెంటు పోయినా ఆపని పిల్లకాయలు". అంతకుముందు అందరూ మమ్మల్ని "ఆర్కెస్ట్రా" అనేవాళ్ళు. మన దగ్గర గిటార్ పట్టుకున్న ప్రతివాడూ ఆర్కెస్ట్రానే. సొంత పాట రాసుకున్నామని చెబితే, ముందు రెండు సినిమా పాటలు వేసి తర్వాత అది వేసుకోండి అంటారు. భోజనం పెడతాం, ఆటో ఖర్చులిస్తాం, అంతకుమించి అడగొద్దు అంటారు. ఈ బాధ ఇప్పటికీ అలాగే ఉంది.

పెద్ద బ్యాండ్లకూ ఇదే జరిగింది. జర్నీ బ్యాండ్ 1983లో 'ఫెయిత్‌ఫుల్లీ' పాట వీడియోని టూర్‌లోనే తీయించింది. తీసింది అమెరికా ఫుట్‌బాల్ ఆటల్ని చిత్రీకరించే ఎన్‌ఎఫ్‌ఎల్ ఫిల్మ్స్ వాళ్ళు. అందులో వాళ్ళ సింగర్ స్టీవ్ పెర్రీ మీసం గీసుకోవడం కూడా ఉంది. అద్దం ముందు మనిషిని అంత దగ్గరగా చూశాక అతను స్టేజి మీది స్టార్‌లా అనిపించడు, మనింట్లో మనిషే అనిపిస్తాడు. ఐర్లాండ్ రాక్ బ్యాండ్ యూటూ వాళ్ళు 1987 మార్చిలో లాస్ ఏంజెలిస్‌లో ఒక మద్యం దుకాణం డాబా ఎక్కి వాయిస్తే జనం రోడ్డు నింపేశారు, పోలీసులు వచ్చి ఆపమన్నారు. అదంతా వీడియోలోనే ఉంది. పోలీసులొచ్చి ఆపాల్సివచ్చిన బ్యాండ్ అనే పేరు అలా వచ్చిందే. కరెంటు తీసేస్తారేమోనని ఆ డాబా మీద ముందే ఇంకో జనరేటర్ పెట్టుకున్నారు. అంటే అక్కడ జరిగింది నిజమే, కానీ ఆ నిజం కోసం వాళ్ళు సిద్ధపడి వచ్చారు.

అందుకే మీరు అడగని విషయం ఒకటి చెప్పాలి. ఇలాంటి వీడియోలో ఇమేజ్ ఎవరికి వస్తుందో తేల్చేది కెమెరా. మా పాటల ట్యూన్లన్నీ ఆ కీబోర్డు కుర్రాడివే. వీడియోలో వాడు లేడు, ఎందుకంటే తీసింది వాడు. తర్వాత మాకు వేసిన పోస్టర్లలో నలుగురి బొమ్మలే వేశారు. సింగర్‌ని చూసి "ట్యూన్ భలే కట్టావు" అనేవాళ్ళు. మేమూ గట్టిగా కాదనలేదు. ఏడాది తిరక్కుండానే వాడు బ్యాండ్ వదిలేశాడు.

మీరూ ఇలాంటిది తీస్తుంటే, పది నిమిషాలైనా ఫోన్ ఇంకెవరికైనా ఇచ్చి, తీసేవాణ్ణి కూడా తీయించండి. మా వీడియోలో ఒకచోట కాళ్ళకు అడ్డం పడిన వైరుని ఒక చెయ్యి పక్కకు లాగుతుంది, మణికట్టుకు ఎర్రదారం ఉంటుంది. ఆ చెయ్యి వాడిది.