తప్పనిసరి గడులు ఖాళీగా ఉన్నా యాక్సెస్ ఫారంలో రికార్డు ఎందుకు సేవ్ అవుతోంది? తనిఖీ ఎక్కడ పెట్టాలి?

మీరు రాసినదాన్ని బట్టి సమస్య ఇది. క్లినిక్‌లో రోగుల నమోదు కోసం మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేస్ ప్రోగ్రాములో ఒక ఫారం చేసుకున్నారు. పేరు, ఊరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ తప్పనిసరిగా నింపాలన్నది మీ ఉద్దేశం. అందుకోసం ప్రతి టెక్స్ట్ బాక్సుకూ లాస్ట్ ఫోకస్ ఈవెంటులో (ఈవెంటు అంటే ఏదైనా జరిగినప్పుడు కోడు నడిచే సందర్భం), విలువ ఖాళీ స్ట్రింగుతో, అంటే ఒక్క అక్షరమూ లేని పాఠంతో, సమానమైతే హెచ్చరిక చూపించమని కోడు రాశారు. అయినా వారం తిరిగేసరికి టేబుల్‌లో ఊరు లేని రికార్డులు, ఫోను నంబరు లేని రికార్డులు కనిపిస్తున్నాయి. నేను కొన్నేళ్ల పాటు ఒక స్వచ్ఛంద కంటి ఆసుపత్రి శిబిరాల కోసం ఇలాంటి ఫారమే నడిపాను. మీరు చెప్పిన ఇబ్బంది మాకూ ఎదురైంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ కోడులో రెండు లోపాలున్నాయి. మొదటిది తనిఖీ పెట్టిన చోటుకు సంబంధించినది. లాస్ట్ ఫోకస్ అనేది కర్సర్ ఆ గడిలోకి వెళ్లి బయటికి వచ్చినప్పుడు మాత్రమే నడిచే ఈవెంటు. నమోదు చేసేవారు పేరు టైపు చేసి, మౌసుతో నేరుగా చివరి గడిలో నొక్కి, అక్కడినుంచి తరువాతి రికార్డుకు వెళ్లిపోతే మధ్యలోని గడులను కర్సర్ తాకనే తాకదు, వాటి తనిఖీ నడవనే నడవదు. గడికి ఉండే బిఫోర్ అప్‌డేట్ ఈవెంటు కూడా ఇంతే. ఆ గడిలో ఏదైనా మార్చినప్పుడే అది నడుస్తుంది. కాబట్టి ఏ గడిని వదిలేశారో సరిగ్గా ఆ గడి దగ్గరే కాపలా లేకుండా పోతోంది.

రెండవ లోపం నల్ విషయంలో ఉంది. ఏమీ టైపు చేయని గడి విలువ సాధారణంగా ఖాళీ స్ట్రింగు కాదు, నల్, అంటే విలువే లేదన్న గుర్తు. నల్‌ను దేనితో పోల్చినా ఫలితం మళ్లీ నల్ అవుతుంది. అది నిజమూ కాదు, అబద్ధమూ కాదు. ఇఫ్ వాక్యం మాత్రం దానిని అబద్ధంగానే లెక్కించి ముందుకు సాగిపోతుంది. అందువల్ల ఖాళీ స్ట్రింగుతో సమానమా అని మీరు ఎన్నిసార్లు అడిగినా, నిజంగా ఖాళీగా ఉన్న గడికి మీ హెచ్చరిక రాదు. రిలేషనల్ డేటాబేస్ సిద్ధాంతానికి పునాది వేసిన ఎడ్గర్ కాడ్ 1985లో ప్రకటించిన నియమాలలో మూడవది ఈ తేడా గురించే. లేని సమాచారాన్ని సూచించే నల్ వేరు, ఖాళీ స్ట్రింగు వేరు, సున్నా వేరు అని ఆ నియమం చెబుతుంది. ఒరాకిల్ అనే డేటాబేస్ మాత్రం ఖాళీ స్ట్రింగును నల్‌గానే చూస్తుంది. అక్కడ పనిచేసి యాక్సెస్‌కు వచ్చినవారు ఈ చోట తికమకపడటం నేను చాలాసార్లు చూశాను. రెండు సందర్భాలనూ ఒకే దెబ్బకు పట్టుకోవాలంటే గడి విలువకు ఒక ఖాళీ స్ట్రింగును జోడించి, ట్రిమ్ చేసి (అంచుల్లోని ఖాళీ స్పేసులు తీసేసి), దాని పొడవు సున్నా అవునో కాదో చూడండి.

ఇక తనిఖీని గడుల దగ్గరినుంచి తీసేసి ఫారానికి ఉండే బిఫోర్ అప్‌డేట్ ఈవెంటులో పెట్టండి. తరువాతి రికార్డుకు వెళ్లినా, ఫారం మూసినా, షిఫ్ట్ ఎంటర్ నొక్కినా, రికార్డు ఏ దారిలో సేవ్ కాబోతున్నా ఆ ఒక్క ఈవెంటు దాటే వెళ్లాలి. లోపం కనబడితే క్యాన్సిల్ అనే ఆర్గ్యుమెంటుకు ట్రూ ఇస్తే సేవ్ ఆగిపోతుంది. ప్రతి గడికీ విడిగా కోడు రాయవలసిన పని లేదు. తప్పనిసరి గడుల ట్యాగ్ ప్రాపర్టీలో ఒకే గుర్తు పదం రాసి, ఫారంలోని కంట్రోల్స్ అన్నిటి మీదా ఒక లూప్ తిప్పి, ఆ గుర్తు ఉన్నవాటిని మాత్రమే పరీక్షిస్తే సరిపోతుంది. రేపు కొత్త గడి చేరినా ట్యాగ్ రాస్తే చాలు, కోడు ముట్టుకోనక్కరలేదు.

హెచ్చరికల గురించి ఒక మాట. ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క పెట్టె తెరిస్తే, నాలుగో పెట్టె వచ్చేసరికి మనిషి చదవడం మానేసి ఎంటర్ నొక్కుతూ పోతారు. ఖాళీగా ఉన్నవాటి పేర్లన్నీ కూడబెట్టి, ‘ఊరు, ఫోను నంబరు ఇంకా నింపలేదు’ అని ఒకేసారి చెప్పి, కర్సరును మొదటి ఖాళీ గడిలో నిలపండి. ఖాళీ గడులకు లేత పసుపు రంగు వేస్తే ఇంకా మంచిది. పని జరుగుతున్నప్పుడు కళ్లు రంగును పట్టుకున్నంత వేగంగా వాక్యాన్ని పట్టుకోలేవు.

ఫారంలో ఎంత పకడ్బందీగా రాసినా టేబుల్‌లో కూడా కాపలా ఉండాలి. టేబుల్ డిజైనులో రిక్వయర్డ్ అన్నదానికి యెస్, అలౌ జీరో లెంగ్త్ అన్నదానికి నో పెట్టండి. ఈ రెండవది మరచిపోతే ఖాళీ స్ట్రింగు ‘విలువ ఉంది’ అన్న లెక్కలో లోపలికి వెళ్లిపోతుంది. మాకు ఎక్కువ ఖాళీలు వచ్చినది ఫారం నుంచి కాదు, శిబిరంలో ల్యాప్‌టాప్ పనిచేయని రోజున ఎక్సెల్‌లో రాసుకుని తరువాత ఇంపోర్ట్ చేసిన షీట్ల నుంచి. అపెండ్ క్వెరీకి (టేబుల్‌లోకి నేరుగా వరుసలు చేర్చే ఆజ్ఞకు), ఇంపోర్ట్‌కు మీ ఫారం ఒకటుందని తెలియదు. వాటిని ఆపగలిగేది టేబుల్ ఒక్కటే. ముందు ముందు మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌కు మారాలనుకుంటే వెర్షను చూసుకోండి. చెల్లని విలువలను తిప్పికొట్టే స్ట్రిక్ట్ మోడ్ 5.7 నుంచే డిఫాల్టుగా వస్తోంది. విలువ ఎలా ఉండాలో టేబుల్‌లోనే రాసే చెక్ నిబంధనలను 8.0.16 నుంచి మాత్రమే అది నిజంగా అమలు చేస్తోంది. అంతకుముందు రాసినవాటిని చదివి వదిలేసేది.

ఫారం మూసే బటన్ మీరే తయారుచేసి ఉంటే అదొకటి సరిచూడండి. క్లోజ్ ఆజ్ఞ నడిచినప్పుడు రికార్డు సేవ్ కాలేని స్థితిలో ఉంటే, యాక్సెస్ ఏ సందేశమూ ఇవ్వకుండా ఆ రికార్డును పారేసి ఫారం మూసేస్తుంది. టైపు చేసినవారు మాత్రం పని అయిపోయిందనే అనుకుంటారు. క్లోజ్‌కు ముందు వరుసలో ఫారం డర్టీ ప్రాపర్టీకి (సేవ్ కాని మార్పులున్నాయో లేదో చెప్పేదానికి) ఫాల్స్ ఇస్తే ముందుగా సేవ్ ప్రయత్నం జరుగుతుంది, అది కుదరకపోతే ఎర్రర్ వస్తుంది, ఫారం మూసుకోదు.

ఇంతవరకు చెప్పినది ఒక పూటలో సర్దుకోగలిగిన పని. ఎక్కువ ఆలోచించవలసిన చోటు డిఫాల్ట్ విలువలు. మా ఫారంలో ‘ఆపరేషన్ చేయవలసిన కన్ను’ అనే కాంబో బాక్సు ఉండేది, అందులో కుడి, ఎడమ అనే రెండు విలువలు ఉండేవి. శిబిరంలో వరుస బారెడు ఉన్నప్పుడు వాలంటీర్లకు ఒక నొక్కు కలిసివస్తుందని దానికి కుడి అనే డిఫాల్ట్ విలువ నేనే పెట్టాను. గడి తప్పనిసరి, ఎప్పుడూ నిండే ఉంటుంది, తనిఖీ ఎప్పుడూ నెగ్గుతుంది. ఒక ఉదయం శుక్లాల ఆపరేషనుకు సిద్ధం చేస్తూ కనుబొమ్మ పైన గుర్తు పెట్టబోతున్న నర్సు, “మామ్మగారూ, మీకు ఏ కన్ను మసకగా ఉంది?” అని అడిగితే, ఆ పెద్దావిడ అరచేయి ఎడమ కంటి మీద పెట్టి చూపించారు. చేతిలోని జాబితాలో కుడి అని ఉంది. శిబిరంలో డాక్టర్ గారు రాసిన ఓపీ చీటీ తీయించి చూస్తే అందులో ఎడమ అనే ఉంది. టైపు చేసిన వాలంటీరు ఆ గడిని తప్పుగా నింపలేదు, అసలు ముట్టుకోలేదు. ఆ ‘కుడి’ నేను పెట్టినది. గుర్తు పెట్టే ముందు రోగిని నోరారా అడిగే అలవాటు ఆ ఆపరేషన్ గదిలో ఉండబట్టి ఏ ప్రమాదమూ జరగలేదు. 2008లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన శస్త్రచికిత్స భద్రతా చెక్‌లిస్టు కూడా మత్తు ఇవ్వకముందే మనిషిని, చోటును సరిచూసుకోమంటుంది. ఆ సాయంత్రమే డిఫాల్ట్ తీసేశాను.

అప్పటినుంచి నేను పాటిస్తున్నది ఇది. తప్పనిసరి అనుకున్న గడికి డిఫాల్ట్ విలువ ఇవ్వకూడదు. నమోదు తేదీ వంటి, కంప్యూటరుకు నిజంగా తెలిసిన సంగతులకు మాత్రమే మినహాయింపు. నంబర్ గడులకు డిఫాల్టుగా సున్నా చేరి ఉందేమో కూడా చూడండి. బీపీ రీడింగు సున్నా అని నమోదైన రికార్డు మీ తనిఖీకి నిండినదిగానే కనిపిస్తుంది. చెక్ బాక్సు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. యాక్సెస్‌లో యెస్/నో రకం ఫీల్డు నల్‌ను దాచుకోలేదు. ‘షుగర్ ఉందా’ అన్నదానికి చెక్ బాక్సు పెడితే, లేదని చెప్పినవారు, ఎవరూ అడగనివారు టేబుల్‌లో ఒక్కలాగే కనబడతారు. ఆపరేషనుకు ముందు షుగర్ సంగతి తెలియడం ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కరలేదు. ఉంది, లేదు, పరీక్ష చేయలేదు అనే మూడు విలువలతో, డిఫాల్ట్ లేని కాంబో బాక్సు పెట్టండి.

మీరు తప్పనిసరి అని రాసిన నాలుగు గడులలో రెండింటిని మళ్లీ ఆలోచించమని నా మనవి. ఫోను నంబరు లేని వృద్ధులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. నంబరు లేకుండా ఫారం కదలదంటే, వరుసలో నిలబడ్డవారిని వెనక్కి పంపలేక వాలంటీరు ఏదో ఒకటి కొడతారు. మా టేబుల్‌లో 11 మంది పేర్ల ఎదుట ఒకే నంబరు కనిపించింది. చుక్కల మందు ఎలా వేసుకుంటున్నారో కనుక్కోవడానికి ఫోను చేస్తే, అది నమోదు చేసిన అబ్బాయి సొంత నంబరు. ఆ అబ్బాయిని తప్పుపట్టలేము, ఫారంలో ‘ఫోను లేదు’ అని చెప్పే వీలు మేము ఇవ్వలేదు. తరువాత ‘ఫోను లేదు’ అనే గుర్తును, ‘కబురు చేయవలసిన మనిషి’ అనే గడిని చేర్చాము. నంబరు గాని, ఈ రెండూ గాని ఉండాలన్నది కొత్త షరతు. ఆశా కార్యకర్త పేరో, పక్కింటివారి పేరో రాయడం మొదలైన తరువాత మా కబుర్లు చేరడం మొదలైంది.

పుట్టిన తేదీ కూడా అంతే. దివిసీమ ఉప్పెన నాటికి పెద్దబ్బాయి చంకలో ఉన్నాడని చెప్పే మనిషి దగ్గర 1977 అనే ఆధారం దొరుకుతుంది గాని తేదీ, నెల దొరకవు. ఫారం తేదీ కోసం పట్టుబడితే జనవరి ఒకటి వచ్చి కూర్చుంటుంది, నిజంగా జనవరి ఒకటిన పుట్టినవారు ఆ గుంపులో కలిసిపోతారు. ఆధార్ నమోదులో కూడా తేదీ ధ్రువపత్రంతో వచ్చినదా, చెప్పినదా, అంచనానా అని వేరుగా గుర్తిస్తారు. పుట్టిన సంవత్సరం తప్పనిసరి, పూర్తి తేదీ ఐచ్ఛికం, పక్కన ‘అంచనా’ అనే గుర్తు, ఈ మూడూ ఉంటే చాలు.

మీ ఫారంలో సబ్‌ఫారం, అంటే రోగి రికార్డు కింద మందుల వంటి వరుసలు నమోదు చేసే లోపలి ఫారం, ఉంటే ఒక చిక్కు ఎదురవుతుంది. కర్సర్ సబ్‌ఫారంలోకి వెళ్లగానే ప్రధాన రికార్డు సేవ్ అవుతుంది. కనీసం ఒక మందు వరుస ఉండాలన్న షరతును ప్రధాన ఫారం బిఫోర్ అప్‌డేట్‌లో పెట్టడం అందుకే కుదరదు. ప్రధాన రికార్డు పుట్టకముందే దాని కింది వరుసలు పుట్టలేవు. మేము ‘పూర్తయింది’ అనే బటన్ పెట్టి, ఆ షరతును అక్కడ పరీక్షించి, పూర్తికాని రికార్డులను ఆపరేషన్ జాబితాలోకి రాకుండా క్వెరీలోనే ఆపాము.

తెలుగులో టైపు చేసేవారికి ఎదురయ్యే సంగతి ఇంకొకటి. పొల్లు తరువాత వత్తు పడకుండా కొన్ని కీబోర్డులు కంటికి కనబడని ఒక అక్షరాన్ని, జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను, చేరుస్తాయి. పేరు చెరిపేసినప్పుడు అది ఒక్కటే గడిలో మిగిలిపోవచ్చు. ట్రిమ్ దానిని తీయదు, వెబ్ పేజీలనుంచి అంటుకువచ్చే నాన్ బ్రేకింగ్ స్పేసును కూడా తీయదు. పొడవు కొలిచే ముందు ఈ రెండింటినీ రీప్లేస్‌తో తొలగించండి. పేరు మధ్యలో ఉన్నవాటి జోలికి పోకుండా, పరీక్ష కోసం తీసుకున్న నకలులో మాత్రమే తొలగించండి.

ఇప్పటికే చేరిన ఖాళీ రికార్డులను ఏం చేయాలో మీరు అడగలేదు గాని, రిక్వయర్డ్ మార్చి టేబుల్ డిజైనును సేవ్ చేయగానే యాక్సెస్ పాత డేటాను పరీక్షించాలా అని అడుగుతుంది, అప్పుడు ఈ ప్రశ్న వస్తుంది. అప్‌డేట్ క్వెరీతో అన్నిటిలో ‘తెలియదు’ అని నింపేయకండి. ముందుగా ఖాళీలున్న రికార్డులన్నిటినీ ఒక క్వెరీతో బయటికి తీయండి. మేము ఆ జాబితాను ఊళ్ల వారీగా ముద్రించి, శిబిరాలకు వెళ్లేటప్పుడు వెంట తీసుకువెళ్లి, ఊరు తెలియనివారి సంగతి ఓపీ చీటీలలో వెతికి, మిగిలినవి మనుషులను అడిగి నింపాము. దానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ తరువాతే టేబుల్‌లో రిక్వయర్డ్‌ను యెస్ చేశాము.