టాప్ కోయిస్తే కన్వర్టిబుల్ అవుతుందా?

ప్రశ్న: మాది విశాఖ. సాయంత్రాలు బీచ్ రోడ్డులో తిరగడానికి టాప్ తెరుచుకునే చిన్న ఎలక్ట్రిక్ కారు కావాలని ఎప్పటి నుంచో ఆశ. ఉన్నవాటి ధర అందుబాటులో లేదు. మామూలు చిన్న ఈవీ కొని టాప్ కోయించుకోవచ్చా సార్?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. ఒక అగ్గిపెట్టె తీసుకుని మెలితిప్పి చూడండి, గట్టిగానే ఉంటుంది. లోపలి అర ఒక్కటే బయటికి తీసి తిప్పండి, ఇట్టే వంకర పోతుంది. చిన్న కార్లలో చాలావాటికి విడిగా ఛాసిస్ (బాడీని మోసే కింది చట్రం) ఉండదు. నేల, పక్కలు, పైకప్పు కలిస్తేనే ఆ బలం. పైగా కంపెనీ ఇచ్చిన బాడీని ఇలా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. సుప్రీంకోర్టు కూడా 2019లో అదే చెప్పింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గరా చిక్కే.

టాప్ తీసేస్తే పోయే బలాన్ని కంపెనీలు తలుపుల కింద, ముందు అద్దం ఫ్రేములో అదనపు ఉక్కు పెట్టి తిరిగి తెస్తాయి. దాంతో బరువు పెరిగి రేంజ్, అంటే ఒక్క ఛార్జింగ్‌తో వెళ్లే దూరం, తగ్గుతుంది. నేలలో ఉండే బ్యాటరీ పెట్టె బలానికి కొంత సాయపడుతుంది కానీ, సీటును పైకి లేపేస్తుంది. మడిచిన టాప్‌కు చోటు కావాలి, వెనక కూర్చునేవాళ్లకూ కావాలి. 2008లో వచ్చిన టెస్లా రోడ్‌స్టర్‌లో సుమారు 450 కిలోల బ్యాటరీని సీట్ల వెనక పెట్టారు. అందులో ఇద్దరికే చోటు.

2023లో మినీ అనే కంపెనీ తన ఎలక్ట్రిక్ కన్వర్టిబుల్‌ను యూరప్‌లో 999 మాత్రమే అమ్మింది. రేంజ్ 201 కిలోమీటర్లు. నాకు బాగా నచ్చింది ఫియట్ 500ఈ పద్ధతి. తలుపుల మీది ఫ్రేమును అలాగే ఉంచి, మధ్యలో గుడ్డ టాప్ మాత్రం వెనక్కి జరిగేలా చేశారు. పూర్తి ఆకాశం కనిపించదు, నిజమే. కానీ బలం చాలావరకు నిలుస్తుంది, బరువు పెద్దగా పెరగదు. చిన్న కారుకు ఇదే సరైన దారి అని నా గట్టి నమ్మకం. మన దగ్గర 2025లో వచ్చిన ఎంజీ సైబర్‌స్టర్ ఇద్దరు కూర్చునేదే అయినా పొడవు నాలుగున్నర మీటర్లు, ధర 70 లక్షల పైమాటే. అది మీరడిగిన చిన్న కారు కాదు.

టాప్ తెరిస్తే అడ్డుకునే గాలి సంగతికి టెన్షన్ పడకండి. బీచ్ రోడ్డులో 40 వేగంతో వెళ్తే తేడా తక్కువే. హైవేలో వందకు వెళ్తేనే తెరిచిన టాప్ ఛార్జింగ్ తినేస్తుంది. అసలు తలనొప్పి వాన నీటిది. ఒక స్నేహితుడి పాత పెట్రోల్ కన్వర్టిబుల్‌లో కాళ్ల కింద కార్పెట్ పిండితే నీళ్లు కారాయి. చూస్తే టాప్ అంచున నీళ్లు పోయే సన్నని గొట్టంలో వేపాకులు ఇరుక్కున్నాయి. తీగతో లాగితే గుప్పెడు వచ్చాయి. ఈవీలో కార్పెట్ కిందే వైర్లు ఉంటే ఆ తడి ఖరీదు ఇంకా ఎక్కువ.

కాబట్టి ఇప్పటికి ఆగండి. యూరప్ తరహా గుడ్డ టాప్ చిన్న ఈవీ ఎప్పుడైనా ఇక్కడికి వస్తే, టెస్ట్ డ్రైవ్‌లో టాప్ తెరిచి గతుకుల రోడ్డు మీద 30 వేగంతో నడపండి. లోపలి అద్దంలో వెనక బండి నంబరు చదవగలిగితే బాడీ గట్టిదే. అంకెలు అలుక్కుపోతే కొనకండి.