చమురు పడిన పొలం, ఖాళీ అయిన ఊరు

ప్రశ్న: పొలంలో చమురు పడి ఊరు వెలిగిపోయి, ఆ తర్వాత ఖాళీ అయిపోయిన చోటు నిజంగా ఉందా అండీ?

జవాబు: ఉందండీ. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో పిట్‌హోల్. 1865 జనవరిలో అక్కడొక రైతు పొలంలో చమురు పడింది. మే నెలలో వీధులకు కొలతలు వేశారు. ఆ ఏడాది తిరగకముందే జనం ఇరవై వేలకు చేరారని చెబుతారు. హోటళ్లే యాభైకి పైగా!

నన్ను బాగా కదిలించేది బండివాళ్ల సంగతి. మోకాలిలోతు బురదలో గుర్రాలతో పీపాలు లాగినవాళ్లు వాళ్లు. అదే ఏడాది శామ్యూల్ వాన్ సైకెల్ అనే చమురు వ్యాపారి రెండంగుళాల గొట్టం వేసి, ఐదు మైళ్ల అవతల ఉన్న రైలు దగ్గరికి చమురు పంపాడు. బతుకుతెరువు పోతుందన్న కోపంతో బండివాళ్లు ఆ గొట్టాన్ని తెగ్గొట్టారు. వాళ్లది దౌర్జన్యమే, కానీ ఆ టెన్షన్ నాకర్థమవుతుంది. ఇళ్లూ వాకిళ్లూ వదిలి వచ్చినవాళ్లు కదా.

మరుసటి ఏడాదే బావులు ఎండడం మొదలైంది, అగ్నిప్రమాదాలు తోడయ్యాయి. 1877లో పట్టణ హోదా కూడా రద్దయింది. ఇప్పుడక్కడ ఇళ్లు లేవు. ఒకప్పటి వీధులు తెలిసేలా గడ్డిని బాటలుగా కోసి ఉంచుతున్నారు.