కార్చిచ్చులో ఇంట్లో నడిపే డే కేర్ కాలిపోతే ఫీమా డబ్బు ఇస్తుందా?

2025 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో పాలిసేడ్స్, ఈటన్ మంటలు చెలరేగాక చాలామందికి వచ్చిన సందేహమే ఇది. మామూలుగా ఇంటికి ఫీమా (అమెరికా ప్రభుత్వ విపత్తు సాయం సంస్థ), వ్యాపారానికి ఎస్‌బీఏ (చిన్న వ్యాపారాలకు తోడ్పడే ప్రభుత్వ సంస్థ). కాకపోతే ఎస్‌బీఏ ఇచ్చేది వడ్డీతో తీర్చాల్సిన అప్పు, ఊరికే వచ్చే డబ్బు కాదు. చాలామందికి తెలియని సంగతి ఇంకోటుంది: 2024 మార్చిలో రూల్స్ మారాక, సొంతంగా పని చేసుకునేవాళ్ల పనిముట్లకు కూడా ఫీమా కొంత ఇవ్వగలదు, కాబట్టి కాలిపోయిన తొట్టి మంచాలు, బుల్లి కుర్చీలు, నిద్ర చాపలు అన్నీ ఇంటి సామానులో కలిపేయకుండా విడిగా రాసి, పాత ఫొటోలో బిల్లులో ఏది దొరికితే అది జత చేయండి.

తల్లిదండ్రులకైతే, విపత్తు వల్ల పెరిగిన పిల్లల సంరక్షణ ఖర్చుకు ఫీమా సాయం వేరే ఉంది. ఇన్సూరెన్స్ ఇచ్చినదానికి మాత్రం మళ్లీ ఇవ్వరు. ‘అర్హత లేదు’ అని ఉత్తరం వచ్చిందా? టెన్షన్ పడకండి, చాలాసార్లు ఏదో ఒక కాగితం తక్కువై ఉంటుంది, ఉత్తరం మీదున్న తేదీ నుంచి 60 రోజుల్లోపు అప్పీల్ చేసుకోవచ్చు. అన్నట్టు, లాస్ ఏంజెలెస్ మంటలకు దరఖాస్తు గడువు 2025 మార్చి 31తోనే ముగిసింది.